దూదేకుల అన్న మాట

కాశింబీని మా అపార్ట్‌మెంట్లలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. తెలుగువాళ్ళం కాశమ్మ అనేవాళ్ళం. ఉత్తరాదివాళ్ళు దాన్ని కాశీ అమ్మ చేశారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఫోన్‌లో పేరు కొట్టి పైకి పంపేటప్పుడు కాశీ అమ్మ అనే కొట్టేవాడు. పై అంతస్తు బెంగాలీ పెద్దావిడ అది చూసి, మీరు కాశీలో పుట్టారా అని ఎంతో భక్తిగా అడిగింది. కాశింబీ నవ్వి, "నంద్యాలమ్మా, నంద్యాల" అంది. ఆవిడకు నంద్యాల ఎక్కడో తెలియదు, ఈవిడకు ఆ ప్రశ్న ఎందుకో తెలియదు. రజాయి బేరం దగ్గర మాత్రం ఇద్దరూ ఒకరికొకరు బాగానే అర్థమయ్యారు.

కాశింబీ దూది ఏకి పరుపులు, దిండ్లు, రజాయిలు కుట్టేది. గురుగ్రామ్ చలి సంగతి తెలియక పల్చటి దుప్పట్లతో దిగిన తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు మొదటి చలికాలంలో ఆవిడే దిక్కు. నవంబరు రాగానే ఆటోలో మూటలు వేసుకుని ఢిల్లీలోని బేర్ సరాయ్ కూడా వెళ్ళేది. అక్కడి ఇరుకు గదుల్లో సివిల్స్‌కి చదివే మన పిల్లలు ఆవిడ రజాయి కప్పుకున్నాకే పుస్తకం తెరిచేవాళ్ళు. ఆ మూటలతో మెట్రో ఎక్కనివ్వరని ఆవిడకు మెట్రో అంటే ఒళ్ళు మంట. "మనిషిని ఎక్కిచ్చుకుంటారంట, మనిషి చేసిన పనిని ఎక్కిచ్చుకోరంట. అదేం రైలమ్మా?" అనేది.

భర్త దస్తగిరి ఇక్కడి టవర్లు కట్టడానికి మేస్త్రీ పనికి వచ్చాడు. వెంట ఆవిడ వచ్చింది, ఆవిడ వెంట దూది ఏకే విల్లు వచ్చింది. ఊళ్ళో ఫోమ్ పరుపుల దెబ్బకి వాళ్ళ వృత్తి ఎప్పుడో మూలపడింది. అయినా విల్లుని వదిలి రాబుద్ధి కాలేదట. ఇక్కడ మొదటి డిసెంబరు చూశాక ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. దస్తగిరి కామెర్లతో పోయినప్పుడు, పిల్లాజెల్లా లేనిదానివి, ఊరికి వెళ్ళిపొమ్మని అందరూ చెప్పారు. "ఊర్లో ఏముందమ్మా, ఎండ. ఈడ చలుంది. ఈ చలే నాకు చేను" అని ఉండిపోయింది.

అలా ఒంటరిగా ఏళ్ళ తరబడి విల్లు ఆడించి ఆడించి కుడి భుజం పాడు చేసుకుంది. ఆ చెయ్యి చెవి దాకా లేచేది కాదు. తల ఎడమ చేత్తో దువ్వుకునేది. డాక్టరు ఆ పని మానెయ్యమన్నాడు. మానేస్తే ఏం తినాలో అతను చెప్పలేదు, అది చెప్పడం అతని పనీ కాదు. ఆ భుజం చూసే నేను ఆవిణ్ణి మా సెంటర్‌కి తీసుకెళ్ళాను.

సెంటర్ అంటే పాత గుర్గావ్‌లో రెండంతస్తుల అద్దె భవనం. అల్పసంఖ్యాక వర్గాలవాళ్ళు పెట్టుకున్న చిన్న చిన్న వ్యాపారాలకు సాయపడే కేంద్రం. ప్రభుత్వం ఏటా నిధులిస్తుంది, ఒక సంస్థ నడుపుతుంది. ముస్లిం దర్జీలు, సిక్కు వెల్డర్లు, కేకులు చేసే క్రైస్తవ ఆడవాళ్ళు మా దగ్గరికి వచ్చేవాళ్ళు. వాళ్ళకు లైసెన్సులు తీయించడం, బ్యాంకులవాళ్ళ ముందు వాళ్ళ తరఫున నోరు చేసుకోవడం, ఎగ్జిబిషన్లలో స్టాళ్ళు ఇప్పించడం నా ఉద్యోగం. నాది విజయవాడ, పేరు గౌరి. నా నోటి గురించి మా డైరెక్టరు రాజీవ్ గారిని అడిగితే ఆయన నవ్వి ఊరుకుంటారు.

కింద గదుల్లో యంత్రాలుండేవి. దూది ఏకే కరెంటు మిషన్లు రెండొచ్చాయి. ఒకటి కాశింబీకి ఇచ్చాం, రెండోది మీరట్ నుంచి వచ్చి ఇక్కడ రజాయిలు అమ్ముకునే నసీమ్ మన్సూరీకి. మూడో ఏడాది నిధులు మంజూరైతే ఎవరు వాడుతున్న యంత్రం వాళ్ళ సొంతమవుతుందని రూలు. కాశింబీ ప్రాణమంతా ఆ రూలు మీదే పెట్టుకుంది. అది సొంతమైతే భుజం సంగతి మర్చిపోవచ్చు. ముసలితనం సంగతి కూడా. రోజూ పొద్దున్నే మిషను తుడిచి, దాని నుదురు ఎక్కడుందో ఎలా నిర్ణయించిందో గానీ, అక్కడ ఒక కుంకుమ బొట్టు పెట్టేది. రాజీవ్ గారు చూసి, "గౌరీ జీ, ఇది మైనారిటీ సెంటర్ కదా, ఆ బొట్టు..." అని నసిగారు. పక్క మిషను మీద నసీమ్ ఏడొందల ఎనభయ్యారు అంకె రాసుకున్నాడు, అది ఉండగా ఇదెందుకు ఉండకూడదన్నాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మన జిల్లాల్లో దూదేకులవాళ్ళంటే విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. పెళ్ళి ఖాజీ చేయిస్తాడు, పోతే ఖబరస్తానులో పూడుస్తారు. పేర్లు కాశింబీలు, దస్తగిరులు, హుస్సేనప్పలు. పీర్ల పండగా చేస్తారు, ఉగాది పచ్చడీ తింటారు. కాశింబీ తరం ఆడవాళ్ళు కొందరు బొట్టు పెట్టుకుంటారు, నల్లపూసలు వేసుకుంటారు. దస్తగిరి పోయాక కూడా కాశింబీ అవి తీయలేదు. ఉర్దూ మాట్లాడే ముస్లింలను వాళ్ళ ఊళ్ళో సాయిబులంటారు. "మా వీధిలో ఆ కొస సాయిబులు, ఈ కొస మేము" అని కాశింబీ తన చిన్నతనం గురించి చెప్పేది. వినేవాళ్ళం మనమైతే అందులో వింత ఏమీ లేదు. వినేవాళ్ళు మనం కాకపోతే ఏమవుతుందో మాకు అప్పటిదాకా తెలిసి రాలేదు.

మూడో ఏడాది తనిఖీకి ఢిల్లీ నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్ళు రాకముందే గుసగుసలు మొదలయ్యాయి. ఇలాంటి సెంటర్లు చాలా ఎక్కువైపోయాయని, నిధులకు కోత పెట్టమని పైనుంచి చెప్పారని, ఒకచోట హాజరు సరిగా లేదని, ఇంకోచోట మరుగుదొడ్డి పనిచేయడం లేదని మూసేశారని అనుకున్నాం. రాజీవ్ గారు గోడలకు సున్నం వేయించారు. మరుగుదొడ్డి రెండుసార్లు కడిగించారు. సమోసాలు ఎక్కడివి తేవాలన్న దాని మీద పెద్ద చర్చే జరిగింది. మనిషి నోటి వెంట వచ్చే ఒక్క మాటకు మాత్రం ఎవరం సిద్ధం కాలేదు.

ఇద్దరిలో పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని, అట్టకు బిగించిన కాగితాలు పట్టుకుని, ఒక్కొక్కరి దగ్గరా ఆగి పేరు, పని, వర్గం అడుగుతూ వచ్చాడు. మర్యాదస్తుడే, గొంతు కూడా పెంచలేదు. నసీమ్ ఆ పూట సరుకు ఇవ్వడానికి ఫరీదాబాద్ వెళ్ళాడు. కాశింబీ జుట్టునిండా దూది నూగుతో లేచి నిలబడింది. ఆయన ఆవిడ నుదుటి బొట్టు చూశాడు, మెళ్ళో నల్లపూసలు చూశాడు, మిషను మీద బొట్టు కూడా చూశాడు.

"ఆప్ ముసల్మాన్ హై?" అన్నాడు.

"నహీ సాబ్," అంది కాశింబీ చాలా వినయంగా. "హమ్ ముసల్మాన్ నహీ. హమ్ దూదేకుల."

ఆయన కలం ఆపి, "దూదేకులా? యే కౌన్ సా ధరమ్ హై?" అన్నాడు. ఇదేం మతమని ఆయన నిజంగానే అడిగాడు. కాశింబీ నా వైపు తిరిగి, "ఏమంటాండాడమ్మా?" అంది.

నేను ముందుకు వచ్చి, నా విజయవాడ హిందీలో, ఆవిడ ముస్లిమే సర్, మా వైపు వీళ్ళనలా అంటారు, ఆవిడకు ముస్లిమని చెప్పుకోవడం అలవాటు లేదు, అన్నాను. నిజమే చెప్పాను. నా చెవులకే అది అబద్ధంలా వినిపించింది.

"తన మతం తనకు తెలియదు, మీకు తెలుసా?" అన్నాడాయన. తర్వాత నన్ను పైనుంచి కిందకి చూసి, "మీరు కూడా ఆంధ్రానా?" అన్నాడు.

"అవును."

"అచ్ఛా," అన్నాడు.

ఢిల్లీ వైపు ఇన్నేళ్ళుండి అచ్ఛా అన్న మాటను ఎన్ని రకాలుగా అంటారో నేర్చుకున్నాను. అది అన్నిటికన్నా చెడ్డ రకం. తన ఊరిదాన్ని తెచ్చి ఇక్కడ దూర్చిందని ఆయనకు అప్పుడే తేలిపోయింది. కాశింబీ, తనవల్ల ఏదో చిక్కు వచ్చిందని గ్రహించి, సాయం చేద్దామని, మిషను పక్కన ఉంచుకునే ట్రంకు పెట్టెలోంచి తన కులం సర్టిఫికెట్టు తెచ్చి చూపించింది. అందులో దూదేకుల అని, వెనకబడిన తరగతి అని ఉంది. ముస్లిం అన్న మాట ఎక్కడా లేదు. ఆయన దానికి ఫోటో తీసుకున్నాడు. సమోసాలు ముట్టుకోకుండా వెళ్ళిపోయారు.

సాయంత్రం నసీమ్ తిరిగొచ్చి, అసలు ఆ మాటకు అర్థమేమిటని అడిగాడు. దూది అంటే మీ రుయీ, ఏకడమంటే దాన్ని కొట్టి విడదీయడం, అని చేతులతో చూపించాను. నసీమ్ నుదురు కొట్టుకున్నాడు. "ధునియా! అరే దీదీ, ధునియా అని చెప్పొచ్చుగా! మేమూ ధునియాలమే. మా తాత, ముత్తాత అందరూ ధునియాలే. ధునియా ముసల్మాన్ అని ఈ దేశంలో ఎవరికి తెలియదు?" ఉన్నదంతా ఆ ఒక్క మాట. అది హిందీలో ఒకలా ఉంది, తెలుగులో ఒకలా ఉంది. కాశింబీ రెండు మిషన్ల మధ్య నిలబడి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

నివేదిక వచ్చింది. లబ్ధిదారుల ఎంపికలో అక్రమాలు, అర్హత లేని మహిళకు యంత్రం కేటాయింపు, సిబ్బంది ప్రాంతీయ పక్షపాతం. మూడో ఏడాది నిధులు ఆపేశారు. నేను వివరణ రాశాను. దూదేకులవాళ్ళ గురించి ఎన్ని కాగితాలు దొరికితే అన్నీ జతచేశాను. రాజీవ్ గారూ నేనూ కాళ్ళరిగేలా తిరిగాం. ఫైలు నడుస్తోందన్నారు. ఎటు నడుస్తోందో చెప్పలేదు. నా మటుకు నాకు ఒక సంగతి తెలుసు. కాశింబీ ఆ రోజు అవునని తల ఊపినా ఇంకో కారణం చూపించి మూసేవాళ్ళు. వాళ్ళు కారణం వెతుక్కుంటూనే వచ్చారు. కానీ ఆ కారణం ఆవిడ నోట్లోంచి దొరికింది గనక, సెంటర్‌లో అందరి కళ్ళూ ఆవిడ మీదే పడ్డాయి. దర్జీలు మాట్లాడడం మానేశారు. కేకులు చేసే ఒకావిడ, మా అందరి అన్నం మీద మన్ను పోశావు అని మొహం మీదే అనేసింది. పైన కూర్చున్నవాళ్ళను అనడానికి ఎవరికీ నోరు లేదు. కాశింబీ ఎదురుగా దొరికింది.

నాకూ కోపం వచ్చింది, దాచుకోను. "అవునని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది కాశమ్మా? పెళ్ళి ఖాజీ చెయ్యలేదా? దస్తగిరిని ఎక్కడ పూడ్చాం?" అని అడిగేశాను.

ఆవిడ చీర కొంగుకు అంటుకున్న దూది ఏరుకుంటూ కూర్చుంది.

"నేను అబద్దం చెప్పల్యా గదమ్మా," అంది చివరికి. "అవునంటే ఆయప్ప ఉర్దూలో మాట్లాడతాడేమో, నమాజు సదవమంటాడేమో, నాకు యాడొస్తాది అనుకున్యా. మా ఊర్లో సాయిబులు మమ్మల్ని ఎప్పుడన్నా ముసల్మాన్లన్యారా? దూదేకులోళ్ళనే అన్యారు. రెడ్లూ అదే అన్యారు. ఆపీసుల్లోనూ అదే రాసుకున్యారు. పుట్టినకాడ్నుంచి నన్ను ముసల్మానువా అని అడిగినోళ్ళే ల్యారు. ఆయప్పే మొదట. నాకేం తెల్సు, ఎట్ల చెప్పల్లనో?"

నా కోపం పోయింది, దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది, అది ఇప్పటికీ పోలేదు.

సెంటర్ మూసేసి మిషన్లు తీసుకెళ్ళడానికి ట్రక్కు వచ్చిన రోజు కాశింబీ మామూలుగానే వచ్చి తన మిషను తుడిచింది. బొట్టు కూడా పెట్టింది. కూలీలు దాన్ని వాలుగా పట్టి లాగుతుంటే, సంధుల్లో మిగిలిన దూది రాలి నేలంతా పరుచుకుంది. ఆవిడ వంగి అదంతా ఎడమ చేత్తో ఏరుకుంది. ఆ మిషన్లు ఎవరికీ ఇవ్వలేదు, ఏదో గోడౌన్లో తుప్పు పడుతున్నాయని తర్వాత రాజీవ్ గారు చెప్పారు. నాకు వేరేచోట ఉద్యోగం దొరికింది. నా బోటివాళ్ళకు దొరుకుతుంది.

నసీమ్ మీరట్ వెళ్ళిపోతూ కాశింబీని కలిశాడు. నివేదిక వచ్చిన కొత్తలో అందరితో పాటు తనూ మొహం తిప్పుకున్నవాడే. వెళ్ళేముందు మాత్రం మనసొప్పక వచ్చాడు. "అమ్మా, మళ్ళీ ఏదైనా సెంటర్ వస్తుంది. మళ్ళీ ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. అప్పుడు తడబడకు. గట్టిగా, హమ్ ముసల్మాన్ హై, అని చెప్పు," అని చిన్నపిల్లకు పద్యం నేర్పినట్టు నేర్పాడు. ఆవిడ అతని ముందు రెండు మూడుసార్లు అని చూపించింది. తర్వాత నా దగ్గరా అంది. "సరిగ్గా అంటాండానా?" అని అడిగింది. సరిగ్గానే అంటున్నావన్నాను.

తర్వాతి చలికాలం ఆవిడ మళ్ళీ విల్లు దించింది. కుడి భుజం సాగక ఎడమ చేత్తో ఆడించబోయింది. అలవాటు లేని చెయ్యి, తీగ దూదిలో చిక్కుకుపోయేది. బజార్లో ఏకిన దూది కొని కుడితే గడ్డలు కట్టింది, బేర్ సరాయ్ పిల్లలు కొందరు తిరిగి ఇచ్చేశారు. అయినా ఆవిడకంటూ ఒక గది ఉంది. మా అపార్ట్‌మెంట్ల వెనక, టవర్ల మధ్య చిక్కుకుపోయిన పాత పల్లెలో ఆవిడ దస్తగిరితో కాపురం పెట్టిన గది అది. ఇంటి యజమాని ధరంపాల్ హర్యానా రైతు. పొలాలు బిల్డర్లకు అమ్మి అద్దెల మీద బతికేవాడు. ఆయన తల్లి కాశింబీ కుట్టిన పరుపు మీదే పడుకునేది. అద్దె ఆలస్యమైతే ఆయన ఎన్నడూ గట్టిగా అడగలేదు. పండక్కి ఆయన ఇంటినుంచి ఖీర్ వచ్చేది, ఈవిడ గదినుంచి పచ్చళ్ళు వెళ్ళేవి.

ఆ చలికాలంలోనే అద్దెకుండేవాళ్ళ వివరాలు సేకరించే పని మొదలైంది. ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు ఎక్కువైపోయారని, ఎవరు ఎవరో తేల్చాలని, ఇంటి యజమానులే రాసి ఇవ్వాలని అన్నారు. దాంతో పాటు ఆ పల్లె పెద్దలు కూర్చుని ఇకమీదట ఎవరికి గదులివ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తమలో తాము ఒక మాట అనుకున్నారు. ఆ మాట కాశింబీ దాకా రాలేదు. ఆవిడ గురించి అందులో ఏదైనా ఉంటుందని ధరంపాల్‌కే తట్టలేదు. ఆయన దృష్టిలో ఆవిడ మద్రాసీ ముసల్ది, బొట్టు పెట్టుకునే కాశీ అమ్మ. దస్తగిరి పేరులో ఆయనకు గిరి ఒక్కటే వినిపించింది, పూడ్చడం మద్రాసీల ఆచారం అనుకున్నాడు.

ఒక ఆదివారం నేను రజాయి కవరు కుట్టించుకుందామని వెళ్ళాను. గది తలుపు బార్లా తీసి ఉంది. సామాను వాకిట్లో మూటలు కట్టి ఉంది, పైన విల్లు. కాశింబీ మెట్టు మీద కూర్చుని ఉంది. ధరంపాల్ తల్లి ఎదురింటి అరుగు మీద కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ధరంపాల్ ఇంట్లోనే ఉన్నాడు గానీ బయటికి రాలేదు.

ఏమైందని అడిగాను. ఆవిడ గొంతులో ఏడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

నిన్న పొద్దున ధరంపాల్ మంచం మీద కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, అట్టకు బిగించిన కాగితాలు ముందేసుకుని పిలిచాడట. ఇద్దరు ఊరివాళ్ళు పక్కన కూర్చున్నారట. పేరు తనే రాసుకున్నాడు. ఊరు అడిగి రాసుకున్నాడు. ధరమ్ దగ్గర ఆగి, హిందూ అని రాసెయ్యడానికి కలం పెట్టి కూడా, మర్యాదకి ఒక్కసారి తలెత్తి అడిగాడట. ఆ కళ్ళద్దాలు, ఆ అట్ట, ఆ ప్రశ్న చూసి కాశింబీకి మళ్ళీ సెంటర్ వచ్చిందేమో, మిషను మాట ఎత్తుతారేమో అనిపించిందట. లేచి నిలబడిందట. పైట సర్దుకుని, నసీమ్ నేర్పినట్టే, తడబడకుండా, అందరికీ వినబడేట్టు చెప్పిందట.

"కలం ఆపేసినాడమ్మా ఆయప్ప," అంది. "పక్కనోళ్ళు ఒకరి మొగం ఒకరు సూసుకున్యారు. ఇంక ఏమీ అడగల్యా. రాత్రికి వచ్చి, అమ్మా, నేను రాసెయ్యబోతిని గదా, నువ్వెందుకు నోరు తెరిస్తివి అన్యాడు. ఆయప్ప కండ్లల్లో నీళ్ళు."

నేను ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఆవిడ కుడి చేతిని ఎడమ చేత్తో ఒళ్ళోకి తీసి పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఈసారి సరిగ్గానే చెప్పినా గదమ్మా?"